పదహారు కేబీల తేడా

మీరు కృతఘ్నులు. మర్యాదగా మొదలుపెడదామని నాలుగుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఐదేళ్ళుగా ఈ వెబ్ పత్రికను చదువుతున్నారు. వ్యాసాల కింద మా నలుగురు సంపాదకులనూ పేరుపేరునా తిడుతున్నారు. ఒక్కపూట పేజీ తెరుచుకోకపోతే “పత్రిక అమ్ముడుపోయింది” అని ఊరంతా చాటుతున్నారు. అది రోజూ ఎవరి వేళ్ళ మీద తెరుచుకుంటోందో మీలో ఒక్కరైనా, ఒక్కసారైనా అడిగారా? అడగలేదు. ఆ వేళ్ళున్న మనిషి పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు.

చిక్కడపల్లిలో మార్కెట్ వెనక సందులో, జిరాక్స్ షాపు పైన, మొదటి అంతస్తులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన సార్ ఆయన. మేమంతా టైపు సార్ అనేవాళ్ళం. ఆ రోజు పది గంటలకు నేను మెట్లెక్కి వెళ్ళేసరికి తలుపు మీద కాగితం అంటించి ఉంది. “సార్ ఈ ఉదయం మరణించారు. తరగతులు ఉండవు.” తెలుగు టైపు మిషను మీద కొట్టిన రెండు లైన్లు. సరిగ్గా కాగితం మధ్యలో. అటూ ఇటూ మార్జిన్ సమానం. ఆ రెండు లైన్లు కొట్టింది వాళ్ళావిడ. పెళ్ళికి ముందు ఆమె కూడా ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే టైపు హయ్యర్ పరీక్ష పాసయింది. దుఃఖంలో కూడా మార్జిన్ తప్పని మనిషిని నేను ఆమెనొక్కరినే చూశాను. నేనైతే సంతోషంలో కూడా తప్పుతాను.

నారాయణగూడలో వాళ్ళింటికి పరుగెత్తాను. వరండాలో కూర్చుని గోళ్ళు తీసుకుంటుంటే గుండె ఆగిపోయిందట. “ఆరు వేళ్ళవి అయినయి సార్. నాలుగు మిగిలినయి. అవి నేను తీసిన,” అంది ఆమె. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. ఎందుకో ఆయన దగ్గర ఒక్క వారం కూర్చున్నవాళ్ళకి కూడా తెలుస్తుంది.

ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో మిషను ముట్టుకోవాలంటే ముందు రెండు చేతులూ చాపి గోళ్ళు చూపించాలి. పెరిగి ఉంటే కదిలేది లేదు. బల్లకి దారంతో ఒక గోళ్ళకత్తెర కట్టి ఉండేది. అశోక్‌నగర్‌లో ఉద్యోగాల కోచింగ్‌కి వచ్చి గదుల్లో ఉండేవాళ్ళ దగ్గర్నుంచి, పాతికేళ్ళు ఉద్యమాల్లో పనిచేసిన మా యూనియన్ అన్న దాకా అందరూ ఆ దారం దగ్గర వంగినవాళ్ళే. యూనియన్ అన్న మొదటిరోజు ఎదురుతిరిగాడు.

“ఏంది సార్, నేను టైపు నేర్చుకుంటందుకు రాలే. మా పత్రిక పాస్‌వర్డు మారుద్దామని వచ్చిన.”

“పాస్‌వర్డు గూడ వేలుతోనే గద కొట్టేది? తియ్యుండ్రి.”

తీశాడు. లాఠీలకు వంగని మనిషి ఆ దారం దగ్గర వంగి, చిటికెన వేలు దగ్గర “అబ్బ” అన్నాడు.

టైపు పరీక్షలకు వచ్చేవాళ్ళు తగ్గిపోయాక సార్ ఐదు పాత కంప్యూటర్లు కొన్నారు. నాలుగింటి మౌసులు పీకి, సొరుగులో పెట్టి తాళం వేశారు. విద్యార్థుల కోసం ఒక్కటి ఉంచారు, అది కూడా అయిష్టంగానే. “బల్ల మీద చెయ్యి ఈడ్చుకుంట తిరుగుడు ఏం పని సార్? పది వేళ్ళిచ్చి ఒక్క వేలుతో పొడువమంటే ఎట్ల?” అనేవారు. కీబోర్డు మీద అట్టముక్కతో చేసిన మూత పెట్టేవారు. చేతులు దాని కింద దూర్చి, కింద చూడకుండా కొట్టాలి.

అలాంటి మనిషి చేతికి కమాండ్ లైను దొరికింది. బొమ్మలు లేని, బటన్లు లేని నల్ల తెర. అక్షరాలు కొట్టు, ఎంటర్ నొక్కు, జవాబు కింద అక్షరాల్లోనే వస్తుంది. దాని గురించి ఎక్కడో అచ్చేయించిన కాగితాలు స్పైరల్ బైండింగ్ చేయించుకుని, రోజుకి పదేసి పేజీలు సాధన చేశారు, పరీక్షకి చదివినట్టు. “ఇది టైపు మిషనే సార్. నడుమ ఈ రంగులోళ్ళు వచ్చి ఖరాబు చేసిన్రు,” అని ఆయన తీర్పు. ఒక లైను కొట్టగానే ఆయన ఎడమచెయ్యి గాల్లోకి లేచేది, టైపు మిషను క్యారేజీని వెనక్కి తోసే పిడి అక్కడ ఉన్నట్టు. పిడి ఉండదు. చెయ్యి ఒక క్షణం అక్కడ ఆగి, జరిగింది గుర్తొచ్చి, మెల్లగా దిగి వచ్చాక కుడిచేత్తో ఎంటర్ నొక్కేవారు. ప్రతి లైనుకీ ఇంతే. ఎంత తొందరలో ఉన్నా ఆ చెయ్యి లేవాల్సిందే.

మా పత్రిక ఎక్కడో దూరదేశంలో ఒక పెద్ద సర్వర్లో, అద్దెకి తీసుకున్న ఇంత జాగాలో ఉండేది. హోస్టింగ్ ఖాతా అంటారు. మా వంతు వెయ్యి ఎంబీ. ఆ జాగా ఊడ్చి, సర్ది, కొలిచి పెట్టింది టైపు సార్. సంపాదకులం మేం నలుగురం. నేను. అంబర్‌పేట కవి. బర్కత్‌పుర నుంచి వచ్చే లెక్కల లెక్చరర్ అక్క. యూనియన్ అన్న. పత్రిక నెత్తిన మా నలుగురి పేర్లూ ఉంటాయి. ఆయన పేరుండాలా అని మూడు సమావేశాల్లో చర్చించాం. సాంకేతిక శ్రమ సంపాదక శ్రమ కిందికి వస్తుందా రాదా అన్నది మొదటి సమావేశం. వస్తే ఏ వరుసలో అన్నది రెండోది. మూడోదాంట్లో టీ మీద గొడవయింది. చివరికి “సాంకేతిక సహకారం: మిత్రులు” అని వేశాం. శ్రమ గౌరవం మీద అప్పటికి నేను పద్దెనిమిది వ్యాసాలు రాసి ఉన్నాను. ఆ పద్దెనిమిదీ సర్వర్లోకి ఎక్కించింది ఆ మిత్రులే.

సిగ్గుపడి ఒకసారి నేనే అడిగాను. ఆయన నవ్వేశారు. “ఉత్తరం టైపు చేసినోని పేరు పైన ఉండది సార్. కింద ఎడమ దిక్కు, చిన్నగ రెండక్షరాలుంటయి. అదే మర్యాద.” మేం ఆ రెండక్షరాలు కూడా పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2010 మొదట్లో పత్రిక ఆగిపోయినంత పనయిందని మీలో పాతవాళ్ళకి గుర్తుండాలి. గుర్తుండదు, అయినా చెబుతున్నాను. రాష్ట్రం రెండవ్వాలా వద్దా అని ఊరూవాడా ఉడికిపోతున్న రోజులు. మా నలుగురిలో ఇద్దరివి తెలంగాణ కుటుంబాలు, అక్కదీ నాదీ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవి. నేను ప్రత్యేక రాష్ట్రాన్ని సమర్థిస్తున్నాను, కాని కవి నన్ను నమ్మడం లేదు. అక్క సమర్థించడం లేదు, కాని కవి ఆమెను నమ్ముతున్నాడు. “ఆమె ఎటున్నదో తెలుసు, నువ్వు ఎప్పుడెటుంటవో తెల్వదు,” అన్నాడు నా ముఖం మీదే. పత్రిక చీలుతుందని నలుగురికీ తెలుసు. నలుగురం పైకి ఐక్యత అంటున్నాం.

ఆ వారంలో హోస్టింగ్ వాళ్ళ దగ్గర్నుంచి హెచ్చరిక వచ్చింది. మీ జాగా నిండిపోయింది, రెండు రోజుల్లో ఖాళీ చేయకపోతే ఖాతా మూసేస్తాం. ఖాతా పోతే పత్రిక పోతుంది. చీలడానికి కూడా ఏమీ మిగలదు.

నేనేం చేశాను? మీకు తెలుసు నా సంగతి. “మా గొంతు నొక్కిన చెయ్యి ఎవరిది?” అని సంపాదకీయం రాశాను. రాసి ఎక్కించబోతే, జాగా లేక, అది ఎక్కలేదు. గొంతు నొక్కారని చెప్పడానికి కూడా గొంతు లేదు! నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది. ఆ కోపంలో ఇంటర్నెట్‌లో వెతికి డీఎఫ్ అనే కమాండ్ ఒకటి పట్టుకున్నాను. ఖాళీ ఎంతుందో చెప్పే కమాండ్. నల్ల తెర తెరిచి కొట్టాను. నాలుగు వందల జీబీ ఖాళీ అని వచ్చింది.

నాలుగు వందల జీబీ అక్కడ ఖాళీగా పడుంటే మాకు వెయ్యి ఎంబీ దగ్గర గేటు మూస్తారా? మిట్టమధ్యాహ్నం ఎండలో అశోక్‌నగర్ నుంచి నడుచుకుంటూ, సంపాదకీయంలో చేర్చాల్సిన పేరాలు పైకే అనుకుంటూ, ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాను.

“సార్, రుజువు దొరికింది! జాగా ఉంది, ఇవ్వడం లేదు!”

“గోళ్ళు,” అన్నారు సార్.

చూపించి, అక్కడి మిషను మీద అదే లైను మళ్ళీ కొట్టాను. ఆయన తెర చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇది డీఎఫ్ సార్. ఇది ఓనర్ బిల్డింగంత ఖాళీ చెప్తది. మనది అండ్ల ఒక కిరాయి పోర్షన్. ఓనర్ ఇంట్ల జాగ ఉన్నదని మన బీరువా తీస్కపోయి ఆడ పెడ్తమా?”

“ఎందుకు పెట్టకూడదు? వాడుకోనివాడికి అంత జాగా ఎందుకు?”

“అది వేరే వ్యాసం సార్. అది తర్వాత రాస్కోండ్రి. ముందు మన పోర్షన్ల ఏమున్నదో కొలుద్దం.”

ముందు కొలువు, తర్వాత కొట్టు. ఇది ఆయన ప్రతిసారీ అనేవారు. టైపు మిషనుకి రబ్బరుంటుంది, తప్పు పోతుంది. నల్ల తెర మీద తుడిచేసిందానికి రబ్బరు లేదు, పోయింది పోయినట్టే. అందుకే ముందు డీయూ. ఏ సంచి ఎంత జాగా తింటోందో డీయూ చెబుతుంది. ఫోల్డర్‌ని ఆయన సంచి అనేవారు.

నలుగురినీ పిలిపించారు. సాయంత్రం నాలుగింటికి కవి వచ్చాడు, అక్క వచ్చింది, యూనియన్ అన్న వచ్చాడు. అందరి గోళ్ళూ తనిఖీ అయ్యాయి. తర్వాత సార్ డిక్టేషన్ ఇస్తున్నట్టు పైకే చెప్పుకుంటూ కొట్టారు.

“డి… యు… ఖాళీ… అడ్డగీత… ఎస్… హెచ్… ఖాళీ… పువ్వు.”

నక్షత్రం గుర్తుని ఆయన పువ్వు అనేవారు. ఎడమచెయ్యి లేచింది, దిగింది. ఎంటర్. తెర మీద మా సంచులన్నీ వరసగా వచ్చాయి. వ్యాసాలు ఇంత, బొమ్మలు ఇంత, పాత సంచికలు ఇంత. అక్క నోటితోనే కూడేసింది.

“రెండొందలండీ. రెండొందల ఎంబీ.”

“ఇప్పుడు పువ్వు తీసి చుక్క పెడ్త. చుక్క అంటే ఇల్లంత.” కొట్టారు. వెయ్యి అని వచ్చింది.

“కనిపించేవి రెండొందలు, మొత్తం వెయ్యి,” అంది అక్క. “మిగతా ఎనిమిదొందలు ఏమైనట్టు?”

“ఎవడో మన ఇంట్ల జొర్రిండు!” యూనియన్ అన్న బల్ల గుద్దాడు. గోళ్ళకత్తెర ఎగిరిపడింది.

“ఇది రాజ్యం పనే,” అన్నాడు కవి. “మనకు కనపడకుంట మన ఇంట్లనే కూసుంటది. రాజ్యమంటేనే గట్లుంటది.”

“నేను పొద్దున్నే రాశాను ఆ మాట,” అన్నాను నేను.

సార్ మా నలుగురినీ ఒక్కొక్కరినీ చూశారు. “బయటోళ్ళు ఎవ్వరు రాలే సార్. తాళంచెవి మీ నలుగురి దగ్గర్నే ఉన్నది.” తర్వాత చాలా మామూలుగా అన్నారు: “కనపడనియి గూడ చూపెట్టే పద్ధతి ఒకటున్నది. కొట్టమంటరా?”

నలుగురం ఒక్కసారే పైన తిరిగే ఫ్యాను వైపు చూశాం.

“ఇప్పుడెందుకండీ మీకు శ్రమ,” అంది అక్క.

“అవ్ సార్, జర చాయ్ తాగి చూద్దం,” అన్నాడు యూనియన్ అన్న.

కవి కిటికీలోంచి మార్కెట్ వైపు చూస్తూ, “అన్నీ చూడొద్దు,” అన్నాడు. పెద్ద మాటలా వినిపించింది.

నేనేమన్నానో చెప్పాలి. “రాజ్యాన్ని అంత తేలిగ్గా కమాండ్లతో పట్టుకోలేం,” అన్నాను.

ఎందుకన్నానంటే, ఆ ఎనిమిదొందల్లో రెండొందలు నావి.

అవును. అంతకు రెండు నెలల ముందు, ఒక మధ్యాహ్నం ఒంటరిగా ఆయన దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, వేరేవాళ్ళ కంటపడకుండా సర్వర్లో ఒక సంచి పెట్టుకోవచ్చా అని అడిగాను. రేపు పత్రిక చీలిన రోజున మొత్తం పత్రిక నా దగ్గరుండాలి. ఆ ముగ్గురూ పాస్‌వర్డు మార్చేసి నన్ను బయటికి తోసేలోపు నేను దాన్ని పట్టుకుపోవాలి. ఇది ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు. “మీకు గూడ కావాల్నా?” అని మాత్రం అని, పేరు ముందు ఒక చుక్క పెట్టమన్నారు. చుక్కతో మొదలయ్యే సంచి మామూలుగా చూస్తే కనపడదు, పువ్వు దాన్ని లెక్కపెట్టదు. కొత్త సంచి అనే పేరుతో ఒకటి తయారుచేసి ఇచ్చి, పేరు మార్చుకోమన్నారు. నేను దానికి నిజం అని పేరు పెట్టుకున్నాను. నవ్వకండి. నెలనెలా పత్రిక మొత్తం అందులోకి నకలు తీసుకునేవాణ్ణి. ఆ “గూడ” అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. నా కుట్ర హడావిడిలో నాకది వినపడలేదు.

ఆ సాయంత్రం ఫ్యాను కింద, లెక్కల అక్క ముఖం చూస్తుంటే వినపడింది. ఎనిమిదొందలు. నాలుగు రెండొందలు. ఆమె కూడా అదే భాగహారం చేస్తోంది.

అంటే సార్‌కి మొదట్నుంచీ తెలుసు. నలుగురం నాలుగు మధ్యాహ్నాలు వేరువేరుగా వెళ్ళి, అదే బల్ల ముందు అదే గొంతుతో అడిగాం. ఆయన నలుగురికీ చేసిచ్చారు, ఒకరి మాట ఒకరికి చెప్పలేదు. విడాకుల కేసుల్లో మొగుడి అర్జీ పొద్దున, పెళ్ళాం అర్జీ సాయంత్రం అదే మిషను మీద టైపు చేసిన మనిషి. “నేను అక్షరాలు సూస్త సార్, సంగతి సూడ,” అనేవారు. హెచ్చరిక వచ్చిన రోజు ఒక్క కమాండ్ కొడితే మా నలుగురి బతుకూ తెర మీద పడేది. కొట్టలేదు. కొట్టకపోతే పత్రిక పోతుంది. ఆయన ఏం చేశారో వినండి.

సొరుగు తాళం తీసి, టైపు పరీక్షల్లో వాడే గంటా స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టారు.

“స్పీడు పరీక్ష లెక్క చేద్దం. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఒక్కరు లోపల, ముగ్గురు మెట్ల మీద. తలుపు పెడ్త. గంట కొట్టంగనే లేవాలె. ఎవరి పేపరు వాళ్ళదే, పక్కోని పేపరు సూడొద్దు.”

“పరీక్షల ఏం రాయాలె?” అన్నాడు యూనియన్ అన్న.

“మీకు తెల్వదా అన్నా?” అన్నారు సార్.

మొదట అక్క వెళ్ళింది. మేం ముగ్గురం మెట్ల మీద, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, జిరాక్స్ షాపు బోర్డు చదువుతూ నిలబడ్డాం. ఆ బోర్డులో ఐదు పదాలున్నాయి. పది నిమిషాలు చదివాం. గంట మోగింది. అక్క కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి, ఎవరూ అడక్కుండానే “ఊరికే చూశానండీ, నేనేం చేయలేదు,” అంది. కవి వెళ్ళాడు. వచ్చి, “ఏంలేదు. సూసిన,” అన్నాడు. యూనియన్ అన్న వెళ్ళాక లోపల్నుంచి ఒక్కో కీ ఒక్కో తుపాకిలా పేలింది. చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. “నాకు ఈ మిషన్లు సమజ్ కావు. ఊకె కూసొని లేచిన.” చివర నేను. కూర్చున్నాను. నా సంచిలోవన్నీ తుడిచేశాను. పక్క సంచులు చూడాలని వేళ్ళు లాగాయి. ఆయన తలుపు అవతల స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డారని తెలుసు. చూడలేదు. నా జీవితంలో నేను కాపీ కొట్టని ఏకైక పరీక్ష అదే.

గంట మోగాక సార్ లోపలికి వచ్చి మళ్ళీ కొలిచారు. చుక్క పెట్టి, ఎంటర్. రెండొందలు!

“ఎట్లయితే అట్లయింది. మిషన్లు ఒక్కోసారి అట్లనే సల్లబడ్తయి,” అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. తర్వాత ఇంకా సన్నగా, కేబీల్లో కొలిచి, చిన్నగా నవ్వారు. “ఈ పెద్ద సంచిది నాలుగు కేబీ పోను, ఇంక పదహారు కేబీ తేడా ఉన్నది. పోనియ్. ఉండనియ్.”

కవి లేచి నిలబడ్డాడు. “మన ఐక్యత జూసి రాజ్యం ఎనుకకు తగ్గింది,” అన్నాడు. నిజం చెప్తున్నాను, మేం చప్పట్లు కొట్టాం. ఆ సాయంత్రమే నా సంపాదకీయం ఎక్కింది. దాని కింద మీరు లాల్ సలాంలు పెట్టారు. జాగ్రత్తగా ఉండమన్నారు. మా ధైర్యానికి మీ కళ్ళు చెమ్మగిల్లాయన్నారు. మా గొంతు మీద ఉన్న నాలుగు చేతులూ మావేనని మీకు ఇప్పుడు చెబుతున్నాను. నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా. మీరు నమ్మారు కాబట్టి మీరూ బాధ్యులే. నాతో వాదించకండి.

పత్రిక చీలలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టుకున్నామో లెక్కలేదు. రాజీనామాలు రాసుకున్నాం, వెనక్కి తీసుకున్నాం. ప్రతినెలా సార్ కొలిచేవారు. జాగా సరిపోయేది. ఈ జూన్‌లో రాష్ట్రం రెండయింది. అక్క మిఠాయి తినలేదు, కాని తెచ్చింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. రెండు రాష్ట్రాలకి ఒక పత్రికేంటని ఒకరు, మనం ఇప్పుడు ఎవరి కోసం రాస్తున్నామని ఒకరు. ఎవరన్నది చెప్పను. చీలే రోజు వచ్చేసిందని నాకు అర్థమయింది. ఇన్ని చీలికలు చూసినవాణ్ణి, వాసన తెలుస్తుంది.

పోయిన మంగళవారం పది గంటలకు నేను ఆ మెట్లెందుకు ఎక్కానో ఇప్పటికి మీలో ఒకరిద్దరికి తట్టి ఉంటుంది. మౌసు లేని ఆ మిషను ముందు కూర్చుని, నా నిజాన్ని మళ్ళీ నింపుకుందామని.

మూడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. సార్ వాళ్ళావిడ మెట్ల దాకా వచ్చి తాళంచెవి ఇచ్చింది. “పత్రిక పనేదో ఉంటది గద సార్. చేస్కోండ్రి. ఏం పని అని ఆయన ఎన్నడు అడగలే, నేను అడుగ.” ఆ మాటకే నేను వెనక్కి తిరిగిపోయి ఉండాల్సింది. పోలేదు. నా నిజాయితీ మీద నాకంత నమ్మకం లేదు.

లోపల అట్ట మూత కీబోర్డు మీద అలాగే ఉంది. నాకు తెలియకుండానే చేతులు చాపాను. చూసేవాళ్ళు లేరు. గోళ్ళు పెరిగి ఉన్నాయి. దారం దగ్గర వంగి తీసుకున్నాను. పది వేళ్ళవీ.

ముందు కొలువు, తర్వాత కొట్టు. నింపేముందు కొలవాలి కాబట్టి, ఆయన ఆ రోజు కొట్టకుండా వదిలిన పద్ధతిని స్పైరల్ బైండింగ్‌లో వెతుక్కుని, చుక్కతో మొదలయ్యే సంచులు మాత్రమే చూపించమని అడిగాను. ఆ ముగ్గురూ ఈపాటికి నింపేసుకుని ఉంటారని నా లెక్క. వాళ్ళు నింపారు కాబట్టి నేను నింపుతున్నాను అని నాకు నేను చెప్పుకోవాలి కదా.

నాలుగు పేర్లు వచ్చాయి. నాలుగింటి పక్కనా ఒకే అంకె. నాలుగు కేబీ. నాలుగు కేబీ. నాలుగు కేబీ. నాలుగు కేబీ.

సంచిలో ఏమీ లేకపోయినా సంచి అనేదానికే నాలుగు కేబీ పడుతుంది. ఆ సాయంత్రం నలుగురం లోపలివి తుడిచేశాం, సంచి మాత్రం ఎవరమూ తీసేయలేదు, రేపటికి ఉంటుందని. పదహారు కేబీ. సార్ అప్పుడే చూశారు. పోనియ్ అన్నారు. ఆ తర్వాత ఇన్ని గొడవల్లో, ఈ జూన్‌లో, ఈ ఫోన్ల మధ్య కూడా, ఆ ముగ్గురిలో ఒక్కరూ తమ సంచిలో ఒక్క కాగితం పెట్టుకోలేదు. పెట్టుకోవడానికి వచ్చి కూర్చున్నది నేనొక్కణ్ణే.

పేర్లు చూశాను. ఒకటి ఇంకా కొత్త సంచి అనే ఉంది, పాపం పేరు మార్చడం రాలేదు. ఏది ఎవరిదో మీకు చెప్పను. నేను అక్షరాలు చూశాను, సంగతి చూడలేదు.

కొట్టాల్సిన లైను కొట్టలేదు. బయటికి వచ్చే లైను ఒక్కటి కొట్టాను. అది కొట్టగానే నా ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. లేని పిడి దగ్గర కాసేపు ఆగింది. దింపాలనిపించలేదు.

ఆ ముగ్గురూ ఇది చదువుతారు. మీరూ చదువుతున్నారు. నా డిమాండ్లు ఇవి:

1. సంతాప సభ పెడితే వేదిక వద్దు, శాలువా వద్దు. కవి రాసుకున్న పాట రెండు చరణాలకి మించకూడదు.

2. లోపలికి వచ్చేవాళ్ళందరి గోళ్ళూ చూడాలి. నావి కూడా.

3. “సాంకేతిక సహకారం: మిత్రులు” అన్న లైను రేపటినుంచి తీసేయాలి.

4. పత్రిక ప్రతి పేజీలో, కింద ఎడమ దిక్కున, చిన్నగా, ఆయన పేరులోని రెండక్షరాలు ఉండాలి. పెద్దవి చేస్తే ఊరుకోను.

5. పత్రిక ఒకటిగా ఉండాలా రెండవ్వాలా అన్నది ఫోన్లలో కాదు, ఆ గదిలో, ఫ్యాను కింద, నలుగురం ముఖాముఖి కూర్చుని తేల్చుకోవాలి.

6. ఆ నాలుగు సంచుల్నీ ఎవరూ తీసేయకూడదు. ఎవరూ నింపకూడదు.